బొంతల కంపెనీలో నా వేలు

చిన్నోడా, నేనూ మీ అక్కా కులాసా. అక్క వాళ్ళ ఊళ్ళో, కంపెనీలు రిజిస్టరు చేసే ఆఫీసు బల్ల దగ్గరే తను రాస్తోంది, మాటలు నావి.

మా బొంతల కంపెనీ కాగితాల మీద నా ఎడమ బొటనవేలు ఎంత నొక్కినా గీతలు పడలేదు. “పెద్దావిడ పేరు తీసేద్దామా?” అని ఇక్కడి గుమాస్తా అక్కనడిగాడు. “బొంత కింద సూదిపోట్లు తిని ఆ వేలు అరిగింది. కుట్టేది నేను, పేరు ఇంకొకళ్ళదా? కుడివేలు తీసుకోమను!” అన్నాను. అక్క వాడి భాషలో చెప్పేలోపే సిరాలో ముంచి నొక్కేశాను. ముద్ర ముత్యంలా పడింది. గుమాస్తా నవ్వి ఒప్పుకున్నాడు.

ఇక నా పేరున్న ఇంటిపన్ను రసీదు నకలు కావాలట, వెంటనే పంపు. బద్ధకించావో, వచ్చి చెవి మెలేస్తాను. నీ దగ్గు తగ్గిందా? నా సూదులడబ్బా ఎవరూ ముట్టుకోలేదు కదా?

కోడలికీ పిల్లలకీ దీవెనలు. సిరాపెట్టె ఎదురుగానే ఉంది, కింద అదే కుడివేలు నొక్కాను. కంపెనీ యజమానురాలి ముద్ర, దాచుకో.