నలభై ఒక్క దీపాలూ, ఎస్తేరమ్మకు రెండుసార్లూ

పాలకుర్తి కొండల్ రావు అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, చదువు ఏడో తరగతి, ఖమ్మం కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరై, మిషిగన్ ఉత్తరపు కొసన సుపీరియర్ సరస్సు ఒడ్డున కూతురు విజయశ్రీ ఇంట్లో ఉంటూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి మాత్రం నా భార్య రాజేశ్వరమ్మని అడక్కండి.

1. ఖమ్మం ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ రాజేశ్వరమ్మకి. నా చెవి మిషను కూడా ఆమెకే. యాభై ఏళ్లు నేను విన్నాను, ఇక ఆమె వంతు.

2. అల్లుడు విశ్వనాథ్‌కి మంచు తోసే పార. గరాజ్‌లో తలుపు వెనకాల ఉంటుంది. ఇన్నేళ్లుగా అతనికి కనపడలేదు పాపం.

3. మనవరాలు సాయి ప్రియకి బేస్‌మెంట్ గోడకున్న ఇత్తడి పలక.

ఈ ఊళ్లో ఒకప్పుడు అరవై యూదు కుటుంబాలుండేవి. గని కూలీలకు బూట్లమ్మినాయన, మేయర్ చేసినాయన, ఊరి పిల్లలందరికీ పియానో నేర్పినావిడ. ఆ పలక మీద పోయినవాళ్లవి నలభై ఒక్క పేర్లు, ఒక్కో పేరు పక్కన చిన్న దీపం. ఏటా పోయిన తిథికి వెలిగించాలి. కాలిన బల్బులు మార్చడానికి వాళ్ల ప్రార్థన మందిరానికి నన్ను పిలిచారు. అది అమ్మేశాక, ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క యూదుడు, తొంభై ఏళ్ల హెర్షెల్ బ్లూమ్, పలకని నాకప్పగించాడు. సాయంత్రం మంచు పడుతూ దీపం వెలుగుతుంటే, ఆ పేరుగలాయన బూట్లు దులుపుకుంటూ మెట్లు దిగొస్తున్నట్టే ఉంటుంది. పియానో ఆవిడ రోజున నా వేళ్లు వాటంతటవే కదులుతాయి.

వాళ్ల నెలలూ మనలాగే చంద్రుణ్ణి బట్టే. మొదటి ఏడాది మన పంచాంగం చూసి వెలిగిస్తే అన్నీ కుదిరాయి. నాకంటే పండితుడు లేడనుకున్నాను. 2012లో మనకి అధిక భాద్రపదం వచ్చింది, వాళ్లకి రాలేదు. హెర్షెల్ ఫోన్ చేశాడు. "నిన్న మా ఎస్తేర్‌కి వెలిగించావా?" పోయిన తన భార్య గురించి అడిగాడు. "ఇంకా నెల టైముంది సార్" అన్నాను. "పోన్లే కొండల్, బతికుండగా మాత్రం ఎప్పుడు టైముకొచ్చింది?" అన్నాడు. నెల తర్వాత నా తప్పు తారీకుకి కర్రపట్టుకుని వచ్చి, ఆ దీపం ముందు గంట కూర్చున్నాడు. "ఇకనుంచి రెండు రోజులూ వెలిగించు. రెండుసార్లొస్తే నాకు మంచిదేగా" అన్నాడు.

అందుకని సాయీ, వాళ్ల క్యాలెండరే చూడు. ఎస్తేరమ్మకి మాత్రం రెండుసార్లు.

4. పలకని డెట్రాయిట్‌లో వాళ్ల మందిరానికి పంపేద్దామని మీ నాన్న ఐడియా. అక్కడ చోటు లేదు, పెట్టెలో పెడతారట. పెట్టెలో దీపం వెలగదు. "తాతా, కాలేజ్‌కి వెళ్తే ఎలా? ఐ విల్ ట్రై" అన్నావు. ట్రై కాదు, ప్లగ్గు పెట్టడమే. వెంట తీసుకుపో. నా పేరు దాని మీద వేయించొద్దు. నాకు తద్దినం పెట్టడానికి ఇంటినిండా మనుషులున్నారు. వాళ్లకి నువ్వొక్కదానివే.

2013 నవంబర్ 10, ఆదివారం. (నిన్ననే రాశాను. శనివారం వాళ్లకి విశ్రాంతి దినం, హెర్షెల్ పెన్ను ముట్టడు.)

సంతకం: పా. కొండల్ రావు

సాక్షులు:
హెర్షెల్ బ్లూమ్. ఒక్క ముక్క చదవలేకపోయినా సంతకం చేశాడు. సాక్షికి ఏమీ రాయకూడదట, అందుకే ఆవకాయ ముందే ఇచ్చేశాను.
రామమోహన్, పక్కింటి డాక్టరు. ఇతను చదివాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు.