ఐరిస్ దుంపలు కుళ్లిన విషయమై

పర్సుడీహ్ కాపురస్తుడు, బంగళా తోటల్లో ముప్పయ్యొక్క ఏళ్లు మాలీగా చేసి రిటైరైన మరడ తోమాస్ అనే నేను రాయించిన వీలునామా. ఊపిరితిత్తులు చెడినా బుద్ధి సరిగానే ఉందని డాక్టరు గారు, అది ఎప్పుడూ లేదని నా భార్య అన్నారు. డాక్టరు మాట పట్టుకుని, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్నాను.

1. రెండు గదుల ఇల్లు నా భార్య త్రేసమ్మకు, ఆమె తరువాత మా అబ్బాయి రత్నకుమార్‌కు. అంతవరకు అతను గోడలు కొలవనక్కరలేదు.

2. సైకిలు రత్నకుమార్‌కు. బ్రేకులు లేవు. పోగొట్టింది అతనే.

3. ఐరిస్ పూల మడి, అందులోని కాయలు, రాబోయే విత్తనాలు సర్వహక్కులతో త్రేసమ్మకు. ఆ దుంపలు బంగళా దొరసాని ఈ దేశం వదిలిపోతూ ఇచ్చినవి. పదకొండేళ్లకు ఈ ఏడు మొదటిసారి ఐదు కాయలు నిలిచాయి. అవి ముదిరేసరికి వానలు దిగుతాయి. కుళ్లు పడితే అంతా పోయినట్టే.

4. దుంప వీపు ఎండకు కనపడాలి. నన్ను లోతుగా పాతండి, దాన్ని పైపైన పాతండి. నీరు నిలవకుండా మడి అడుగున బొగ్గు చిట్టెం ఉండాలి. వాడిన రేకులు కాయ మీద ముద్దకట్టకముందే చిదిమి తీయాలి, కాయ కదలకూడదు. ఆకు మొదలు పసుపెక్కి చేతికి ఊడివస్తే, దుంపను గట్టి తెల్ల కండ తగిలేదాకా కోసి, ఒక పూట ఎండబెట్టి, సున్నం రాయాలి. ఫాదరు గారు ఒకసారి దీవించిన నీళ్లు చల్లారు. చల్లిన చోటే ముందు కుళ్లింది.

5. 1953 వానల్లో రెండు తప్ప దుంపలన్నీ కుళ్లిపోయాయి. బియ్యం కడిగిన నీళ్లు పోసి త్రేసమ్మే చంపిందని ఫాదరు గారి గుడి బయట నలుగురిలో అన్నాను. “అయితే ఇంక నాను మడి తొక్కను” అంది. తొమ్మిదేళ్లు తొక్కలేదు. తోటి మాలీ అసిరయ్య నాతో, “పచ్చి పేడ ఏసి నువ్వే సంపీసినావు. ఆ మనిసినెందుకంతావు?” అన్నాడు. అతనితో రెండేళ్లు మాట్లాడలేదు. అతను చెప్పింది నిజం. పేడ వేసింది నేనే. పోయిన నెల త్రేసమ్మ గడపలో కూర్చుని, “మూడో మొక్క కంపొత్తంది” అంది. తవ్వి చూస్తే నిజమే. నా ముక్కుకు అంతవరకు తెలియలేదు. మడి ఆమెకు ఇవ్వడానికి కారణం ఇదే. ప్రేమ అని ఎవరూ ప్రచారం చేయవద్దు.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత అసిరయ్యది. అయిదో అంశాన్ని అతను గుడి బయట, అదే చోట, గట్టిగా చదవాలి. రత్నకుమార్ మడికి పేడ తెస్తే వెనక్కి పంపాలి.

7. వానల లోపల నేను పోకపోతే ఈ కాగితం పెట్టెలోనే ఉంటుంది, త్రేసమ్మ మడి తొక్కదు, కాయలు కుళ్లుతాయి, కాబట్టి తప్పు నాదేనని ఆమెకు నోటితోనే చెప్పమని అసిరయ్య అన్నాడు. ఈ వారం రెండుసార్లు నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ ఆమెను మంచినీళ్లు అడిగి తాగాను.

పర్సుడీహ్, 20 మార్చి 1962.

(సంతకం) మరడ తోమాస్

సాక్షులు: ఆదిబాబు (పక్క ఇల్లు), జ్ఞానరత్నం (బడి పంతులు).