గొంగడిలో వడగట్టిన కాఫీ

ఆగస్టు 9, సోమవారం

డబ్బా వచ్చింది! కత్తెర వెతికే ఓపిక లేక పళ్లతోనే చింపాను. గాజు గరాటు ఒకటి, స్టీలు గరాటు ఒకటి, తెల్ల కాగితాల కట్ట, గోధుమరంగు కాగితాల కట్ట, స్టీలు జాలి, కొంగ మెడలాంటి మూతి ఉన్న కెటిల్, వేయించిన కాఫీ గింజలు. తమ్ముడు నరేష్ హైదరాబాదులో కాఫీ షాపులో పని చేస్తాడు. అక్కడ వాడకుండా పక్కన పెట్టిన సామానంతా నాకు పంపాడు. గరాటు అన్నందుకు ఫోన్లో ఒకటే నవ్వు. డ్రిప్పర్ అనాలట.

ఇదంతా డాక్టరు మాట వల్ల. మే నెల జ్వరంలో పోయిన వాసన ఇంకా తిరిగి రాలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిమ్మతొక్క, లవంగం, కాఫీపొడి ముక్కు దగ్గర పెట్టుకొని పీల్చమన్నారు. పీలుస్తున్నాను. ముక్కు ముందు నుంచే పోతాయి గానీ ఆగవు, చిట్యాలలో ఆగని విజయవాడ బస్సుల్లాగా.

కాఫీపొడి ఉత్తగా పీల్చే బదులు కాచుకుని తాగు, నీకూ పొద్దుపోతుంది అన్నాడు నరేష్. సరే, చూద్దాం.

ఆగస్టు 10

గింజలు మిక్సీలో మెత్తగా పట్టాను. అదే తప్పు. నీళ్లు పోస్తే కాగితంలో కుంటలా నిలిచిపోయాయి, ఎంతకీ దిగవు. దిగాక చూస్తే వేపాకు చేదు.

చేదు నాలుకకు తెలుస్తోంది మరి! పులుపూ తెలుస్తుంది. లేనిది వాసన ఒక్కటే.

రవ్వలా ఉండాలట పొడి. ముందే చెప్పి ఏడవొచ్చు కదా.

ఆగస్టు 11

జల్లెడ పట్టాను. జూన్ తర్వాత ఇదే మొదటిసారి నా సకినాల జల్లెడ అటక దిగడం. మెత్తటి దుమ్మంతా కిందికి పోయింది, రవ్వ పైన నిలిచింది.

కాస్త నీళ్లు పోసి ఆగాను... పొడి పొంగింది! పూరీలా ఉబ్బి, బుడగలు తేలి, మళ్లీ మెల్లగా కూర్చుంది. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను.

ఆగస్టు 13

ప్రస్తుతానికి మా ఆయన ముక్కే నా ముక్కు. మోటార్లకు వైండింగ్ చేసే మనిషి, కాలిన తీగ వాసన తప్ప ఇంకో వాసన ఎరగడు.

ఎట్లుంది వాసన అంటే — కాఫీ వాసన.
అది నాకూ తెలుసు, ఎలాంటి వాసన అంటే — కాఫీదే.

అరువు ముక్కుతో ఇంతకన్నా ఏం తెలుస్తుంది?

ఆగస్టు 16

గాజుదీ స్టీలుదీ పక్కపక్కన పెట్టి పోటీ. గాజుదానికి కింద ఒకటే పెద్ద రంధ్రం, లోపల మెలికల గీతలు. మన చెయ్యి ఎలా ఆడితే కాఫీ అలా వస్తుంది. ధార కాస్త తొందరపడిందా, పులుపు. స్టీలుదానికి అడుగు చదును, చిన్న రంధ్రాలు మూడు. తొందరపడినా ఓర్చుకుంటుంది.

గాజుది నాలాంటిది. స్టీలుది ఆయన.

ఆయనకు స్టీలుదే నచ్చింది. ఇదంతా నేను చెప్పకముందే.

ఆగస్టు 19

ఈ రోజు కాగితాలకు పరీక్ష. తెల్లదానితో చేసింది బాగుందన్నాడు. గోధుమరంగుదానితో చేసింది ఒక గుక్క తాగి మొహం ముడుచుకున్నాడు. "అట్టపెట్టె నానవెట్టినట్టుందే."

నరేష్‌ను అడిగితే తెలిసింది — ఆ కాగితాన్ని ముందు వేడినీళ్లతో బాగా కడగాలట. కడిగి చేస్తే అట్ట పోయిందన్నాడు ఈయన.

నాకు రెండూ ఒకటే. చేదు నీళ్లు.

ఆగస్టు 20

అట్టపెట్టె వాసనకు కూడా నోచుకోలేదు నేను. ఆయన మీద అసూయగా ఉంది.

ఆగస్టు 24

నీళ్ల సంగతి తేలింది. మా బోరు నీళ్లతో కాఫీ సుద్ద కలిపినట్టు మొద్దుబారిపోతోంది, కెటిల్ అడుగున తెల్లటి పొర. ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్లతో చప్పన. నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లతో — బ్రహ్మాండం! నాలుకతోనే తెలిసిపోయింది. ఎవరినీ అడగలేదు.

నల్లగొండలో పుట్టినవాళ్లకు నీళ్ల సంగతి ఒకరు చెప్పాలా?

ఆగస్టు 28

సరోజక్క వచ్చింది.

జూన్‌లో నా సకినాలు తిరిగి తెచ్చిన సరోజక్కే. కమురు వాసన వస్తున్నాయని బుట్ట గడపలో పెట్టి వెళ్లింది ఆ రోజు. నూనె మాడింది, నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే పిండివంటల పొయ్యి ఆపేశాను. ముక్కు పోయిందని ఆయనకు, నరేష్‌కు, డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు, బాపుకు కూడా. పిండివంటలు అమ్మే మనిషికి ముక్కు లేదంటే వీధిలో ఎవరు కొంటారు?

ఇప్పుడు ఆమె పెద్దకూతురికి ఒడిబియ్యం పోస్తారట. సకినాలు నేనే చేయాలట. వేరేచోటి నుంచి తెప్పించి చూసిందట, నచ్చలేదట.

ఆలోచించుకుని చెప్తానన్నాను. చెయ్యనని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. పొయ్యి మీద ఎంత ఆశ ఉందో నాకే ఇవాళ తెలిసింది.

ఆగస్టు 29

లవంగం. నిమ్మ. కాఫీ. ఏమీ లేదు.

సెప్టెంబరు 2

స్టీలు జాలి తీసి చూశాను. కాగితం ఖర్చు లేదు, కడిగి బోర్లించడమే. కానీ కప్పు అడుగున బురద. ఆఖరి గుక్క ఆయన మీసాలకు అంటుకుంది, నవ్వలేక చచ్చాను.

గుడ్డతో కూడా వడగడతారట! నరేష్ ఆ మాట అన్నాడో లేదో, సకినాలు పరిచే పాత పంచె చించి సంచి కుట్టేశాను. నీళ్లు పోసినవి పోసినట్టే జారిపోయాయి. పైగా కాఫీలో వాము వాసన వస్తోందన్నాడు ఆయన. ఎన్నిసార్లు ఉతికినా ఆ పంచెను వాము వదల్లేదు.

పల్చటి గుడ్డ పనికిరాదట. నూగు ఉండాలి, చుక్కచుక్కగా దిగాలి.

సెప్టెంబరు 5, ఆదివారం

ఆత్మకూరు నుంచి బాపు వచ్చాడు. గొర్రెలను చిన్నాన్న కొడుక్కి అప్పగించి, భుజాన కొత్త గొంగడి వేసుకుని. వచ్చీ రాగానే నేను గుండ్రంగా తిప్పుతూ నీళ్లు పోయడం చూసి గడపలోనే నిలబడిపోయాడు.

"గిన్ని నీళ్లు గంతసేపు పోస్తున్నవ్, అభిషేకం చేస్తున్నవా బిడ్డా?"

పాలు లేని కాఫీ ఒక గుక్క తాగి కషాయమన్నాడు. అయినా గరాట్లన్నీ తిప్పి తిప్పి చూశాడు. నూగు గుడ్డ కావాలన్న మాట ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. ఏదో ఆలోచనలో పడ్డాడు.

సెప్టెంబరు 6

వరసగా రాయాలి.

పొద్దున లేచేసరికి బాపు గొర్రెల బొచ్చు కత్తెరతో కొత్త గొంగడి అంచు కత్తిరిస్తున్నాడు. గొంగడి అంచు! దాని మీద ఎవరైనా కాలు పెడితే ఊరుకోని మనిషి. ఆపబోతే ఆగలేదు.

"వాన ఎంత వడ్డా గొంగట్లకెల్లి చుక్కచుక్కనే దిగుతది. నీకు గావాల్సింది గదే గద?"

ముక్కను గాజు గరాటులో పరిచాను, పొడి వేశాను, నీళ్లు పోశాను. దిగదు. మరుగునీళ్లకు ఉన్ని ఉబ్బింది, జిగురు తేలింది. అప్పుడు గుర్తొచ్చింది, కొత్త గొంగడి బిరుసుగా ఉండటానికి చింతగింజల గంజి పెడతారని! బాపుకు ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇద్దరికీ తట్టలేదు.

చివరికి అరకప్పు దిగింది, నల్లగా, సాగుతూ. ఆయన మామగారి ముందు మర్యాదకు ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మర్యాద అక్కడితో సరి. వాకిట్లోకి పరుగు.

నేను కప్పు ఎత్తాను.

గొర్రె.

తడిసిన గొర్రె. వానలో మంద గుడిసె చూరు కిందికి దూరినప్పటి వాసన. ఉన్ని, పొగ, పేడ, చింతగింజ. అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి.

కప్పు పెట్టి గొంగడి ముక్క చేతిలోకి తీసుకుని మొహానికి అదుముకున్నాను. వేడిగా ఉన్నా వదల్లేదు. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. పాపం బాపు, కాఫీ చెడగొట్టినందుకు ఏడుస్తున్నాననుకున్నాడు. ఇంకో మంచి ముక్క కోస్తానని మళ్లీ కత్తెర తీశాడు.

అప్పుడు చెప్పాను అన్నీ. జ్వరం, ముక్కు, సకినాలు తిరిగి రావడం.

బాపు కత్తెర కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా —

"గొర్రెపిల్ల వానకు తడిస్తే తల్లి దాని వాసన వట్టలేక తన్ని దూరం కొడ్తది. మనం తొందరవడొద్దు. జర ఆరనియ్యాలె. మల్ల అదే దగ్గరికి తీసుకుంటది."

సెప్టెంబరు 7

పొద్దున లేవగానే గొంగడి ముక్క — ఉంది! నిన్నటిది కల కాదు.

లవంగం — లేదు. నిమ్మ — లేదు. కాఫీ — లేదు. గొర్రె ఒక్కటే. ఉన్నన్ని వాసనల్లో ముందుగా వచ్చింది గొర్రె వాసనే, కురుమోళ్ల బిడ్డనని మరిచిపోలేదు నా ముక్కు.

సెప్టెంబరు 8

బాపు వెళ్లిపోయాడు. అంచు తెగిన గొంగడి భుజాన వేసుకునే బస్సెక్కాడు. రోజూ ఫోన్ చేస్తాడట.

సెప్టెంబరు 11

అట్టపెట్టె!!

గోధుమరంగు కాగితం కడగకుండా కావాలనే పెట్టి నీళ్లు పోశాను. ఆవిరిలో అట్టపెట్టె. నానిన అట్టపెట్టె. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన వైండింగ్ షాపుకు ఫోన్ చేసి చెప్పాను, అవతల గ్రైండర్ మోతలో ఏం వినిపించిందో, పెట్టెలో ఏమొచ్చిందని అడిగాడు.

పాడు కాఫీ తాగి ఇంత సంబరపడే మనిషి ఊళ్లో ఇంకొకరు ఉండరు.

సెప్టెంబరు 14

పసిపిల్లల దుప్పట్లకు వాడే మెత్తటి నూగు గుడ్డ గడియారం సెంటరులో దొరికింది. ఈసారి బుద్ధిగా మరగబెట్టి, గంజి లేకుండా ఉతికి కుట్టాను. నీళ్లు పోశాను. చుక్కచుక్కగా దిగింది. బురద లేదు, కాగితంలా పలచన చేయలేదు. నాలుక మీద నూనెలా నునుపు. గాజు, స్టీలు, జాలి, తెల్ల కాగితం, గోధుమరంగు కాగితం — అన్నింటినీ ఓడించింది గుడ్డ. బాపు దారి సరైనదే, గుడ్డే తప్పింది.

ఇంకొకటి. పొడి పొంగిన క్షణంలో ఏదో తగిలింది. కాల్చిన వేరుశనగ పొట్టులాగా... వెంటనే పోయింది. మళ్లీ పోశాను. రాలేదు.

నా ఊహేనా?

సెప్టెంబరు 15

ఊహ కాదు. ఇవాళ రెండుసార్లు.

సెప్టెంబరు 18

సరోజక్క ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ముక్కు సగమే వచ్చిందని, నూనె సంగతి ఇంకా తెలియదని కూడా. ఆమె పప్పు ఏరుతూనే విన్నది.

"చెయ్యి. గీసారి గూడ కమురు వాసనొస్తె మల్ల వాపస్ తెస్త. నాకు మొహమాటం లేదు."

ఇంతకన్నా మంచి మాట ఈ మధ్య ఎవరూ అనలేదు నాతో.

సెప్టెంబరు 22, బుధవారం

పిండి కలిపాను. నువ్వులు, వాము వేశాను. వాము అరచేతిలో నలిపి పీలిస్తే ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. సకినాలు చుట్టి కొత్త పంచె మీద పరిచాను. వేళ్లు ఏదీ మరిచిపోలేదు.

పొద్దున గుడ్డలో వడగట్టిన కాఫీ తాగాను. వేరుశనగ పొట్టు వచ్చింది, ఒక గుక్క పొడుగునా నిలిచింది. అదే నా ధైర్యం.

పొయ్యి ముందు కూర్చునే రాస్తున్నాను ఇది. కొత్త నూనె పోశాను. ఆయనను నోరు తెరవొద్దన్నాను. మొహం చూసినా తెలిసిపోతుందని వీధి వైపు తిరిగి కూర్చోమన్నాను. కూర్చున్నాడు. వీపు కూడా బిగబట్టుకునే ఉంది.

ఫోన్ స్పీకరులో బాపు. వెనక గొర్రెల గంటలు.

నూనె కాగింది. మొదటి సకినం వేశాను. బుడగలు... రంగు మారుతోంది...

ఏదో వస్తోంది. వామా? మాడా? వాము కావాలని ముక్కు నాతో అబద్ధమాడుతోందా?

"వచ్చిందా బిడ్డా?"

ఉండు బాపూ. జర ఆరనియ్యాలన్నావు కదా.

రెండోది వేస్తున్నాను.