గరిక సైతం మొలవదని రాసింది నేనే

గౌరవనీయులైన భూసేకరణ అధికారి గారి సముఖమునకు,
గుండ్లమిట్ట గ్రామ నివాసి, డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థిని షేక్ శిరీన్ రాసుకొన్న అర్జీ.
తేదీ: సెప్టెంబరు 24

అయ్యా,

విషయం: సౌర విద్యుత్ కేంద్రం కొరకు మా గ్రామంలో 118 ఎకరాల పట్టా భూముల సేకరణ – 41 మంది రైతుల పేరిట ఆగస్టు 14న దాఖలైన అభ్యంతర పత్రంలో రెండవ పేరా అబద్ధమని, ఆ అబద్ధం నాదేనని ఒప్పుకొంటూ, కొర్ర కోతకు ముందే తాము స్వయంగా వచ్చి చేలు చూడాలని కోరుట గురించి.

1. మా ఊరు బేతంచెర్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరాన ఉన్నది. మగవాళ్ళలో సగం మంది నాపరాయి పాలిష్ యూనిట్లలో పనికి పోతారు. మిగతా సగమూ, ఆడవాళ్ళందరూ చేలను నమ్ముకొని ఉన్నారు. జూలై 31న పంచాయతీ ఆఫీసు గోడకు భూసేకరణ నోటీసు అంటించారు. అభ్యంతరాలు ఉన్నవారు అరవై రోజుల లోపల రాతపూర్వకంగా తెలుపుకోవాలని అందులో ఉన్నది. ఆ నోటీసును ఊరివాళ్ళకు చదివి వినిపించింది నేను. ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టింది, ధర్నాకు తేదీ పెట్టింది, అట్టల మీద నినాదాలు రాసింది కూడా నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. బాధ్యత ఎవరిదో రికార్డులో స్పష్టంగా ఉండాలని రాస్తున్నాను.

2. అభ్యంతర పత్రం రాసిందీ నేనే. నాకు అర్జీలు రాయడం నేర్పినవారు గిడ్డయ్య గారు. ఆయన మండల కార్యాలయం ఎదుట ముప్పై ఏళ్ళుగా చిన్న బల్ల వేసుకొని అర్జీలు రాస్తున్నారు. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది: "అర్జీలో ఆకలి కనపడాల పాపా. కడుపు నిండినోని అర్జీ యావురూ చదవరు." మా దిక్కున అర్జీ అంటే కరువు అర్జీయే. కరువు మండలంగా ప్రకటించమని, పంట నష్టం ఇప్పించమని, పశువులకు మేత ఇప్పించమని. ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచి అట్లాంటివి ఇరవై దాకా రాశాను. వాటి కోసం ఒక నోటుపుస్తకంలో మంచి మాటలు ఏరి పెట్టుకొన్నాను. నెర్రెలిచ్చిన నేల. ఎండిన డొక్కలు. ఆకాశం వైపు మోర సాచిన పశువులు. ఒక కొత్త మాట దొరికిన రోజు నాకు పండగ రోజు.

3. భూమి పోతుందన్న అర్జీకి కూడా అదే పుస్తకం తీశాను. రెండవ పేరాలో ఇట్లా రాశాను: "గుక్కెడు నీటికి నోచుకోక, గరిక సైతం మొలవని ఈ బీడు నేలను నమ్ముకొని మేము ఎండుటాకుల వలె బతుకీడుస్తున్నాము." అది చదివి గిడ్డయ్య గారు కళ్ళద్దాలు తుడుచుకొని, నాకంటే బాగా రాసినావన్నారు. ఆ రోజంతా ఆ వాక్యాన్ని మనసులో చదువుకొంటూనే తిరిగాను. కాలేజీ బస్సులో కూడా. తమకు దయ పుట్టాలన్నది నా ఉద్దేశం. కానీ తమరు తేల్చవలసినది మా మీద దయ చూపాలా వద్దా అన్నది కాదు, ఆ నేల పండుతుందా లేదా అన్నది. ఆ సంగతి నాకు తట్టలేదు.

4. తప్పు తెలియక జరిగిందని చెప్పుకొనే వీలు కూడా నాకు లేదు. ఎందుకంటే ఒకరు ముందే చెప్పారు. దస్తగిరమ్మ గారని, మా పక్కింటి ఆమె. భర్త చనిపోయి పన్నెండేళ్ళయింది. రెండెకరాల పది సెంట్ల చేను ఒక్కటే ఆమెకు ఆధారం. నేను అవ్వా అని పిలుస్తాను. వేలిముద్ర కోసం పోతే అర్జీ మొత్తం చదివించుకొని విన్నది. "గరిక మొలవదంటివే. నా చేన్లో గరిక పీకి పీకి నడుము పడిపోయుండాది కదమ్మా" అన్నది. అర్జీలో అట్లే రాయాల అవ్వా, నీకు తెలీదులే అన్నాను. ఆమె చెయ్యి ముందుకు రాలేదు. ఆ బొటనవేలిని నేనే పట్టుకొని ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద ఒత్తాను. ఆ పత్రంలో పదిహేడవ ముద్ర ఆమెది. దాని కిందిది కంబన్న మామది. రాయి పాలిష్ చేసీ చేసీ ఆయన వేలి గీతలు అరిగిపోయినందున వట్టి నీలి మచ్చగా పడింది. దానిని తిరస్కరించవద్దని కోరుతున్నాను.

5. సెప్టెంబరు 11న మండల కార్యాలయం ముందు ధర్నా చేశాము. తమ కార్యాలయం నుంచి విచారణకు వచ్చిన ఒక అధికారి గారు బయటికి వచ్చి ఓపికగా విన్నారు. ఎండలో కూర్చున్నామని మంచినీళ్ళ క్యాను తెప్పించారు. ఆ తర్వాత ఫైలు తెరిచి రెండవ పేరా పైకి చదివారు. ఆయన గొంతు బాగుంది. నా వాక్యం మైదానమంతా వినిపించింది. నిజం దాచకూడదు కనుక చెబుతున్నాను, ఒక అర నిమిషం నాకు సంతోషం వేసింది. అప్పుడు ఆయన అడిగారు.

"ఇది మీరిచ్చిందే కదమ్మా. గరిక కూడా మొలవదని రాసినారు. మొలవని నేల పోతే మీకేం నష్టం?"

ఎగతాళికి అడిగింది కాదు. తెలుసుకోవాలనే అడిగారు. కంబన్న మామ లేచి, "యావురప్పా ఇట్ల రాసిండేది?" అన్నాడు. అది అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు, అడిగినాక గుర్తొచ్చినట్టుంది, మెల్లగా కూర్చున్నాడు. ఒక్కరూ నా వైపు చూడలేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకొంటున్నాను. అట్టలు చుట్టుకొని ఆటోలు ఎక్కాము. దస్తగిరమ్మ అవ్వ నా పక్కనే కూర్చున్నది. రైల్వే గేటు దాటినాక, బయటికి చూస్తూ, "నా చేను నీ కంటికి అట్ల కనపడిందా పాపా?" అని అడిగింది.



6. కనుక నేల సంగతి ఉన్నది ఉన్నట్లు మనవి చేస్తున్నాను. బావి లేదు, బోరు లేదు. ఆ రెండవ పేరాలో నిజమైన మాట నీటి సంగతి ఒక్కటే. నేల ఎర్రది, లోతు తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఆ రాళ్ళను ఏరి గట్లుగా పేర్చింది దస్తగిరమ్మ అవ్వ అత్తగారి కాలంలో అట. ఈ ఏడు జూన్‌లో రెండు వానలు, జూలైలో మూడు వానలు పడినవి. 41 మందిలో 29 మంది కొర్ర వేశారు. కంకి జానెడు ఉన్నది. గట్ల వెంట ఆముదం చెట్లున్నవి. గరిక కూడా కావలసినంత ఉన్నది.

7. ధర్నా అయిన మూడో రోజు అందరూ పీర్ల చావిడిలో కూర్చున్నారు. నన్ను పిలవలేదు. నేనే పోయి గోడ పక్కన నిలబడ్డాను. ఇంకొక అర్జీ పెడదామని ఒకరు, కోర్టుకు పోదామని ఒకరు అన్నారు. దస్తగిరమ్మ అవ్వ అన్న మాటను రాసుకొన్నాను: "నోటితో చెప్పేది అయిపాయె, కాగితంతో చెప్పేది అయిపాయె. ఇంక చేనే చెప్పనీ. ఆ పెద్దసారు వచ్చి చూసిందాకా నేను కొయ్యను." పెద్దసారు అన్నది తమరినే. ఆ 29 మందీ సరే అన్నారు. మా ఊళ్ళో ఇప్పుడు జరుగుతున్న నిరసన ఇదే. నినాదాలు లేవు, అట్టలు లేవు. పండిన కొర్ర నిలబడి ఉన్నది.

8. అయ్యా, కొర్ర ఎక్కువ రోజులు నిలబడదు. ఇప్పటికే కోతకు వచ్చి వారం దాటింది. గింజ రాలుతున్నది. చిలకలు, పిచ్చుకలు గుంపులుగా వచ్చి పడుతున్నవి. ఒక్క వాన పడితే కంకి నల్లబడుతుంది. అట్లని కోసేస్తే నేల ఖాళీగా కనపడుతుంది, అప్పుడు తాము వచ్చి చూసినా నా రెండవ పేరాయే నిజమనిపిస్తుంది. కోయకుంటే తిండిగింజ పోతుంది, కోస్తే సాక్ష్యం పోతుంది. వాళ్ళను ఈ ఇరుకులోకి తెచ్చింది నేను రాసిన ఒక్క వాక్యం. రోజూ పొద్దున్నే కాలేజీకి పోయేముందు దస్తగిరమ్మ అవ్వ చేనికి పోయి, సొట్టపడిన పళ్ళెం కొట్టి పిట్టలను తోలుతున్నాను. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. పిట్టలకు మంచి మాటలు అక్కరలేదు. హో అంటే చాలు, లేస్తాయి. మళ్ళీ అవతలి సాళ్ళలో వాలుతాయి.

9. కనుక తమరిని కోరుకొనేవి:
(అ) ఆగస్టు 14 నాటి పత్రంలో రెండవ పేరాను నా ఒక్కదాని మాటగా భావించి కొట్టివేయవలెను. "మా భూములు ఇవ్వము" అనే చివరి వాక్యం మాత్రం 41 మందిది. అది వాళ్ళు చెబితే నేను రాసినది. దానిని ఉంచవలెను.
(ఆ) గడువు ఈ నెల 29తో ముగుస్తున్నది. ఆలోపలే తాము స్వయంగా వచ్చి చేలు చూడవలెను. తాము చూసి పోయిన మరుసటి గంటలో కోత మొదలవుతుంది.
(ఇ) తప్పుడు సమాచారం ఇచ్చినందుకు చర్య తీసుకొనవలసి ఉంటే నా మీదనే తీసుకొనవలెను. మా కాలేజీకి తెలియజేసినా నాకు అభ్యంతరం లేదు. మా నాయనకు మాత్రం నేనే చెప్పుకొంటాను. ఆయన కూడా పాలిష్ పనిలోనే ఉన్నాడు, మా అమ్మాయి అర్జీలు బాగా రాస్తుందని అక్కడ అందరికీ చెప్పుకొంటాడు.

నా రాతను పక్కన ఉంచి, మా ఊరి చేలను చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ శిరీన్

జతపరచినవి:
1. ఆగస్టు 14 నాటి పత్రం నకలు, రెండవ పేరా కింద ఎర్ర గీతతో.
2. కొర్ర కంకి ఒకటి. కోసినది కాదు, చిలకలు తుంచి పడేసినది.

తా.క.: పోస్టు చేసేముందు ఈ అర్జీని చేని గట్టు మీద కూర్చొని దస్తగిరమ్మ అవ్వకు మొత్తం చదివి వినిపించాను. ఆరవ అంశం దగ్గర ఆపమన్నది. ఒక కంకి పట్టుకొని నా చెయ్యి పక్కన పెట్టి చూపించింది. "జానెడు యాడుండాది పాపా? సగం జాన ఉండాది. ఉండేది రాయి." నిజమే. మళ్ళీ అదే పని చేశాను. కాగితం తిరగరాయడానికి పోస్టాఫీసు వేళ మించిపోతున్నందున, జానెడు అన్నచోట సగం జాన అని చదువుకోగలరు. వేలిముద్ర వేస్తావా అవ్వా అని అడిగాను. "నీ కాగితం మీద ఇంక వెయ్యను. ఆ సారు చేన్లేకి వస్తే ఆయప్ప ముందర వేస్తా" అన్నది. అందువల్ల నా పేరు కింద ఆమె ముద్రకు చోటు ఖాళీగా వదిలాను. తాము వచ్చేటప్పుడు స్టాంపు ప్యాడ్ తెచ్చుకోగలరు. నా దగ్గర ఉన్నది ఎండిపోయింది. ఇది ఉన్న మాటే.