పదకొండో గుంట కబురు

విడవలూరు,
బుధవారం.

అబ్బాజాన్‌కు,

మీ షమా సలాములు. ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం అమ్మకు చూపించకండి. వాట్సాప్‌లో పెడదామంటే ఫోను అమ్మ చేతిలో ఉంటుంది. మీకు వినపడాలని గొంతెత్తి చదువుతుంది, సాయంత్రానికి మన కోట ఊళ్ళో సగం మందికి నా సంగతి తెలిసిపోతుంది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కవరు అడిగినందుకు అక్కడాయన నన్ను ఎగాదిగా చూశాడు.

నేను ఉద్యోగం మానేస్తున్నాను. చెన్నైలో ఒక కంపెనీ వాళ్ళు ఒకటో తారీఖున చేరమన్నారు. మీరు సంతోషపడతారని తెలుసు, కానీ ఆ సంతోషం చివరిదాకా చదివాక పడండి. నేను జీతం కోసం పోవడంలేదు, పారిపోతున్నాను. పది రోజులుగా ముద్ద దిగడంలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. నిన్న బస్సెక్కి, ఎక్కడికో కండక్టరు అడిగితే చెప్పలేక దిగిపోయాను.

మా పనేమిటో మీకు చెప్తే తప్ప మిగతాది అర్థం కాదు. రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు తిరిగితేనే నీళ్ళలో గాలి ఉంటుంది. అవి ఆగిపోతే గట్టుమీది పెట్టె వెంటనే కబురు పంపుతుంది. ఆ కబురు మా ఆఫీసులో కబుర్లను దారి మళ్ళించే నెట్‌వర్కు స్విచ్చికి వచ్చి, అక్కణ్ణించి నెల్లూరు పెద్దాఫీసుకు పోయి, ఆ గుంట కాపలా మనిషి ఫోనులో మోగుతుంది. స్విచ్చి నుంచి నెల్లూరుకు రెండు దార్లు. రోడ్డు పక్కన పూడ్చిన ఫైబరు తీగె ఒకటి, టవరు మీది డిష్షు రెండోది. రెండూ సమానమే, సగం సగం పంచుకో అని స్విచ్చికి చెప్పింది నేనే. ఈక్వల్ కాస్ట్ మల్టీపాత్ అంటారు దాన్ని. ఏ గుంట కబురు ఏ దారిన పోవాలో స్విచ్చే లెక్క వేసుకుంటుంది. ఒకసారి లెక్క తేలాక ఆ గుంట కబుర్లన్నీ అదే దారిన పోతాయి. ఒక దారి చెడితే మొత్తాన్నీ రెండో దారికి మళ్ళిస్తుంది. చెడిందని దానికి తెలిస్తేనే సుమా. స్విచ్చికి తెలిసేది తన గుమ్మం వరకే. గుమ్మం దగ్గర తీగె బాగుంటే పచ్చ దీపం వెలుగుతుంది. ఆ పైన దారి తెగిపోయినా పచ్చగానే ఉంటుంది.

అందుకని అవతలి కొసను క్షణక్షణం పలకరించే ఏర్పాటు కూడా పెట్టాను. నెల్లూరు బదులు పలక్కపోతే ఆ దారి మూసేయాలి. అయితే మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యేసరికి డిష్షు ఊగేది. ఊగినప్పుడల్లా దారి మూసుకోవడం, తెరుచుకోవడం, మా మేనేజరు నరేంద్రబాబు గారి ఫోనుకు మెసేజి. రోజుకు నలభై మెసేజిలు. "ఏందమ్మా ఈ గోల? ముందు దాన్ని ఆపు," అన్నారు. ఆ పలకరింపును రెండు రోజులు ఆపి, నిదానంగా సరిచేద్దామనుకున్నాను. ఆపాను. ఆ తరువాత మరిచిపోయాను అబ్బాజాన్.

పోయిన శనివారానికి ముందు శనివారం గాలివానకు డిష్షు పక్కకు తిరిగిపోయింది. ఆ దారి చచ్చింది. దీపం మాత్రం పచ్చగానే ఉంది. ఆదివారం పొద్దున పదకొండు, పన్నెండు గుంటల దగ్గర ట్రాన్స్‌ఫార్మరులో ఒక ఫేజు కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగాయి. పన్నెండో గుంట పెంచల్‌కు ఫోను మోగింది, ఉరికిపోయి జనరేటరు వేసుకున్నాడు. పదకొండో గుంట టైటస్ అన్నకు మోగలేదు. ఆయన ఆరున్నర ఆరాధనకు చర్చికి పోయి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి రొయ్య మొత్తం చచ్చి తేలిపోయింది. మూడు రోజులు ఆగితే పట్టుబడికి వచ్చే రొయ్య.

సోమవారం పొద్దునే నాకు సంగతి అర్థమైంది. పన్నెండో గుంట కబురు ఫైబరు దారిన పోయింది, పదకొండో గుంటది చచ్చిన డిష్షు దారిన పోయింది. డిష్షు సరిచేయించాను, పలకరింపు మళ్ళీ పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అందరినీ పిలిచారు.

"పక్క గుంట పెంచల్‌కు మోగింది గదయ్యా, నీకెందుకు మోగలా? చర్చిలో ఫోను ఆపేసుంటావు. ఒప్పుకుంటే పోయేదానికి అబద్ధమెందుకు?" అన్నారు నరేంద్రబాబు గారు.

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తా ఉండా సార్. నేను ఆపలా."

సారు నా వైపు తిరిగి మన స్విచ్చి బాగానే ఉందా అని అడిగారు. "రెండు దీపాలూ పచ్చగానే ఉన్నాయి సార్," అన్నాను. ఛీ! నా నోటితో నేనే అన్నాను ఆ మాట. టైటస్ అన్నను ఆరోజే పంపించేశారు. ఏడేళ్ళు ఆ గట్టుమీద బతికిన మనిషి.

మొన్న సంతలో ఆయన భార్య అబిగయీలు కనిపించింది. తప్పుకు పోదామంటే చెయ్యి పట్టుకుంది. "ఆయన చర్చికి రాడం మానుకున్నాడు షమమ్మా. ఏందయ్యా అంటే, ఏమోమే, నేనే ఆపేసినానేమో, పక్కోడికి మోగింది గదా, నా బుర్రే చెడిందేమో అంటాడు," అని చెప్పింది. తను చేయని తప్పును చేశానేమోనని ఆ మనిషి నమ్మేస్తున్నాడు. నేను చేసిన తప్పు నాకు తెలుసు, నేను చెన్నైకి టికెట్టు తీసుకున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. తిట్టాలనిపిస్తే తిట్టండి.

మీ
షమా


కోట,
శనివారం.

చిరంజీవి షమాకు,

మీ నాయన ఇమామ్ సాహెబ్ దువా. ఉత్తరం అందింది. మీ అమ్మకు చూపించలేదు. కానీ నీ రాత గుర్తుపట్టి, ఏం రాసిందని కళ్ళతోనే తినేస్తోంది.

తిట్టమన్నావు గనుక తిడతాను. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను స్తంభాలెక్కినవాడి కూతురివి నువ్వు. తెగిన లైను అతికించాక ఏం చేసేవాళ్ళం? చివరి స్తంభం ఎక్కి, అక్కణ్ణించి ఎక్స్‌చేంజీకి ఫోను చేసి, అవతలివాడు తన పేరు చెప్పేదాకా కిందికి దిగేవాళ్ళం కాదు. నువ్వు నా సైకిలు పట్టుకుని కింద నిలబడి, ఆకలేస్తోంది దిగు అని ఏడ్చేదానివి. అయినా దిగలేదు. అది చూసి పెరిగి, దీపం పచ్చగా ఉంది అంటావా? సిగ్గుండాలి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పది రోజులుగా తడుముకుంటున్నావు. చెన్నై పోతే భుజాలు ఇక్కడ వదిలిపోతావా?

ఒక సంగతి గుర్తుచేస్తా. నాకు చెవులు పోతున్న కొత్తలో, పిలిస్తే పలకడంలేదు, పొగరెక్కిందని మీ అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు పిలవనేలేదు అని నేనూ పోట్లాడినాను. తను పిలిచింది నిజమే, నాకు వినపడనిదీ నిజమే. చివరికి నువ్వే నా వెనక నిలబడి పళ్ళెం మీద గరిటెతో కొట్టినావు. నేను తిరగలేదు. మీ అమ్మ అప్పుడు నమ్మింది, నమ్మి ఏడ్చింది. నోటితో చెప్తే నమ్మని మీ అమ్మ బీజాన్ కళ్ళతో చూసి నమ్మింది. తతిమ్మాది నీకు చెప్పనవసరం లేదు.

నీ తండ్రి
ఇమామ్ సాహెబ్


విడవలూరు,
గురువారం.

అబ్బాజాన్‌కు,

సలాం. ఈ ఉత్తరం అమ్మకు చూపించండి. కోట అంతా చదివినా నాకేమీ అభ్యంతరం లేదు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పేస్తాను. నెల్లూరు నుంచి పెద్దవాళ్ళు తేల్చేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. చెన్నైవాళ్ళకు జరిగింది జరిగినట్టు రాశాను, వాళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రేపు ఏమవుతుందో తెలియదు. నిన్న రెండు సార్లు అన్నం పెట్టుకుని తిన్నాను.

మంగళవారం నరేంద్రబాబు గారి దగ్గరికి పోయి చెప్పాను. ఆయన లేచి తలుపు వేశారు. "అయిపోయినదాన్ని కెలికి ఏం సాధిస్తావమ్మా? సరిచేసినావు గదా, ఊరుకో. ఆపమన్నది నేనని కూడా అంటావా?" అన్నారు. అంటాను సార్, రెండు రోజులని ఆపి మరిచింది నేనని కూడా అంటాను, నోటితో కాదు, చూపిస్తాను అన్నాను. తలుపు తీసుకుని బయటికొచ్చాను. బుధవారం పొద్దున కాపలావాళ్ళందరినీ ఆఫీసుకు పిలిచాను. టైటస్ అన్నకు నేనే స్వయంగా పోయి చెప్పాను. రానన్నాడు. "మళ్ళా నన్ను దొంగను చేసేదానికా?" అన్నాడు. అబిగయీలు బతిమాలితే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పెంచల్ ఫోనూ, టైటస్ అన్న ఫోనూ బల్లమీద పక్కపక్కన పెట్టాను. పదకొండో గుంట కబురు మళ్ళీ ఆయన ఫోనుకే పోయేట్టు చేశాను. పలకరింపు ఆపేశాను. నెల్లూరు టవరు దగ్గరున్న మనిషికి చెప్పి అవతలి డిష్షు కట్టేయించాను. స్విచ్చి మీద రెండు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. అందరినీ దగ్గరికొచ్చి చూడమన్నాను, సారును కూడా. అప్పుడు గట్టు దగ్గరికి ఫోను చేసి రెండు గుంటల ఏరియేటర్లూ ఒక్కసారి ఆపమన్నాను.

పెంచల్ ఫోను గణగణ మోగింది. టైటస్ అన్న ఫోను కదల్లేదు, మెదల్లేదు. ఒక నిమిషం చూశాం. రెండు నిమిషాలు చూశాం. పెంచల్ తలకొట్టుకుని, "అన్నా, ఆరోజు నేను కూడా నిన్ను నమ్మలా," అన్నాడు. చర్చిలో ఫోను మోగకపోవడానికి కారణం నేను, ఆయన కాదు, అది తెలిసి కూడా నోరు మూసుకున్నదీ నేనే అని అందరి ముందూ చెప్పాను. కాగితం మీద రాసి సంతకం చేసి సారు చేతికిచ్చాను. ఆయన ఆ దీపాలవైపు చూసి, "సోమవారం నుంచి పనిలోకి రావయ్యా," అన్నారు టైటస్ అన్నతో. నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

టైటస్ అన్న నన్ను తిడతాడనుకున్నాను. తిట్టించుకోవడానికే సిద్ధపడి నిలబడ్డాను. ఆయన మెల్లగా బల్లదగ్గరికొచ్చి, మోగని ఆ ఫోను తీసుకుని, చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"నీ మీద నాకు కోపముంది షమమ్మా. అది అంత తొందరగా పోదు. ఆ సంగతి తరువాత చూసుకుందాం," అన్నాడు. మళ్ళీ ఆయనే అన్నాడు, "మా ఆమె బయట నిలబడుండాది. లోపలికి పిలుస్తా. ఇంకొక్కసారి మోగకుండా చూపించమ్మా."

చూపించాను.

మీ
షమా