నేను చూడని అతుకు

ఓడలు కట్టే, బాగుచేసే ఈ కంపెనీలో సగం వాటాదారునూ, అరవై రెండేళ్ల వయసుగలదాన్నీ, యార్డులో అందరూ పెద్దమ్మా అని పిలిచేదాన్నీ అయిన నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నాకు చాలా భయంగా ఉంది. మతి మాత్రం స్థిరంగానే ఉంది. భయపడటం మతి తప్పడం కాదని మా కంపెనీ డాక్టరు పొద్దున్నే నాడి చూసి చెప్పాడు. ఇంకో గంటలో నేవీ వారి గస్తీ ఓడ ట్రయలుకు వెళుతుంది. బాగుచేసిన ఓడను మొదటిసారి సముద్రం మీదికి తీసుకెళ్లి చూడటాన్ని ట్రయలంటాం. అందులో నేనూ వెళుతున్నాను. పదకొండేళ్ల తర్వాత ఓడ ఎక్కడం ఇదే.

1. కంపెనీలో నా వాటా మొత్తం నా కూతురికి చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా తనదే. అమ్మలూ, డ్రాయింగు బల్ల దగ్గర నువ్వు నాకంటే తెలివైనదానివి. కానీ కాగితం మీద గీత ఎప్పుడూ కారదు. వారానికొక్క రోజైనా, ఓడను నిలబెట్టి బాగుచేసే డాకు గుంటలోకి దిగి, ఓడ అడుగున నడువు.

2. మిగతా సగం వాటా ఉన్న నా తమ్ముడికి నా వాటాలో ఏమీ రాదు. కారణం వాడికి తెలుసు, అయినా రాస్తున్నాను. ఈ గస్తీ ఓడలో, ప్రొపెల్లర్‌ను తిప్పే ఇనుప కడ్డీ, అంటే షాఫ్టు, బయటికి వెళ్లేచోట, అతుకు దగ్గర చెమ్మ కనపడింది. వాడు దానిమీద రంగు వేయించాడు. అడిగితే, "చెమ్మే కదక్కా, దానికింత రాద్ధాంతమా? నేవీ వాళ్లకి తేదీ ఇచ్చేశాం" అన్నాడు. రంగు గీకిస్తే వేలెడంత పగులు బయటపడింది. నా గదిలోని వాలుకుర్చీ వాడికిస్తున్నాను. దానిమీద వాడికి ఎప్పటినుంచో కన్ను. అందులో హాయిగా కూర్చోవచ్చు. కూర్చుని ఏ సర్టిఫికెట్ మీదా సంతకం మాత్రం పెట్టకూడదు.

3. ఆ పగులు కోసేసి మళ్లీ అతికిన వెల్డరమ్మకు నా చేతి గడియారం, యార్డు గేటు పక్కన నా పేరనున్న రెండు గదుల ఇల్లు. మా ఇన్‌స్పెక్టరు, "ఆ రంగు సంగతి చూశాక ఇక నావల్ల కాదు పెద్దమ్మా" అని సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. అప్పుడు డాకులో అందరి ముందూ ఈవిడ నాతో, "అతికింది నేను, కాబట్టి నేనెక్కుతా. చూశానని రాసేవాళ్లు కూడా ఎక్కాలి" అంది. అంతమందిలో ఆ మాట అనగలిగింది తనొక్కతే. ఇస్తున్నది అందుకే. ఆ తర్వాత నేనే షాఫ్టు ఉండే ఇరుకు సొరంగంలోకి బోర్లా పాకి, లైటు పెట్టి, అతుకు చుట్టూ వేలితో తడిమి చూశాను. సంతకం పెట్టాను.

4. నేనుంటున్న సొంత ఇల్లు, సామానుతో సహా, క్యాంటీను నడిపే ఆవిడకు చెందాలి. ఎందుకని నా కూతురు అడుగుతుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

పదకొండేళ్ల కిందట ఒక సరుకు కంపెనీ టగ్గు, అంటే పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ, ట్రయలులో మునిగింది. అందులో నా భర్తా, ఈ క్యాంటీను ఆవిడ భర్త అయిన ఇంజను మేస్త్రీ ఇద్దరూ పోయారు. టగ్గు లోతులో పడిపోవడంవల్ల కారణం తేలలేదని విచారణలో రాశారు. కారణం నాకు తెలుసు. దాని అడుగు అతుకు చూడాల్సింది నేను. అది చూడాలంటే గ్రీజులో పడుకుని పాకాలి. ఆ రోజు ఓడ పని ఇచ్చే కొత్త పార్టీ వస్తుందని పట్టుచీర కట్టుకున్నాను. దిగకుండానే "చూశాను, బాగుంది" అని రాసేశాను. ట్రయలుకు వెళ్లాల్సిందీ నేనే. వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఉండిపోతే నా బదులు ఆయన వెళ్లారు. గంటన్నరకు ఆఫీసు రేడియోలో ఆయన గొంతు వినపడింది. "నీళ్లొస్తున్నాయే. ఎక్కడినుంచో తెలీట్లేదు. నువ్వు చూసిన అతుకు మాత్రం కాదులే, నువ్వు కంగారుపడకు."

ఆ తర్వాత రేడియోలో ఏమీ రాలేదు.

ఆవిడకు క్యాంటీను నేనే ఇప్పించాను. పదకొండేళ్లుగా రోజూ ఆవిడ చేతి టీ తాగుతున్నాను. ఇల్లు తీసుకోవడమో, నా మొహాన కొట్టడమో ఆవిడ ఇష్టం.

5. నా భర్త చలికోటు నా కూతురికి. జేబులో ఆయన రాసుకున్న చిల్లర సామాను చీటీ ఉంది. పారేయొద్దు.

6. ఈ పొద్దుట ఓడెక్కే నిచ్చెన దగ్గర నా కాళ్లు ఆగిపోతే నన్నెవరూ నచ్చజెప్పి ఎక్కించవద్దు. ఓడను కూడా కదలనివ్వవద్దు. నేవీ అధికారికి ఈ మాట ముందే చెప్పాను. ఆయన నవ్వలేదు.

7. నేను మునిగిపోతేనే నాలుగో అంశం బయటపడాలని మొదట అనుకున్నాను. రాసి చూసుకుంటే సిగ్గేసింది. ఇందాక దాన్ని ఇంకో కాగితం మీద రాసి, కవరులో పెట్టి, క్యాంటీనుకు వెళ్లి ఆవిడ చేతికిచ్చాను. "ఏంటి పెద్దమ్మా, ఉద్యోగం పీకేస్తున్నారా?" అని నవ్వింది. నేను ఓడెక్కాక చదవమన్నాను. సరేనంది.

ఇది రాస్తున్న నా ఆఫీసు గది కిటికీలోంచి క్యాంటీను కనిపిస్తోంది. ఆవిడ కెటిల్ పొయ్యిమీంచి దించి, చేతులు తుడుచుకుని, కవరు చింపుతోంది. నేనింకా ఓడ ఎక్కలేదు. నిచ్చెన దగ్గరికి వెళ్లాలంటే ఆ గుమ్మం ముందునుంచే దారి.

తేదీ: నవంబరు 14, ఉదయం ఆరూ నలభై.

సంతకం: పెద్దమ్మ

సాక్షులు, ఈ ఆస్తిలో ఏ భాగమూ లేనివాళ్లు:
1. కంపెనీ డాక్టరు
2. డాకు పంపుల ఆపరేటరు