పండగనాడు వద్దన్న ప్రసాదం

పారిస్, 1664 అక్టోబరు

అన్నయ్యకు,

ఫాదరువైనా నాకు అన్నయ్యవే గనుక దాచకుండా రాస్తున్నాను. ఆర్చిబిషప్పు పంపిన కాగితం మీద సంతకం పెట్టమన్నావు. చనిపోయిన ఆ బిషప్పు పుస్తకంలో దైవకృప గురించి తప్పులున్నాయని ఒట్టేసి రాయాలట. నాకు లాటిన్ రాదు. చదవని పుస్తకం మీద ఒట్టెలా వేయను?

మఠంలో సంతకం పెట్టకుండా నేనొక్కదాన్నే మిగిలాను. నిన్న జ్వరంతో ఉన్న సిస్టర్ క్లోతిల్డ్ కూడా పెట్టేసింది. "సత్ప్రసాదం లేకుండా చావలేనే! నీకేం, రాతిగుండెదానివి" అంది.

నిజం చెప్పనా? ఈ జూన్‌లో పెంతెకొస్తు పండగనాడు పూజలో సత్ప్రసాదం, క్రీస్తు శరీరమైన ఆ అప్పం, ఇస్తుంటే నేనే వెళ్ళలేదు. ఇంకా యోగ్యత రాలేదని ఆగాను. ఇక్కడ అది గొప్ప వినయం, అందరూ మెచ్చుకున్నారు. ఆగస్టులో ఆర్చిబిషప్పు మనుషులు వచ్చి, సంతకం పెట్టనివాళ్ళకు ఇక సత్ప్రసాదం లేదన్నారు. అప్పటినుంచీ అదే ఆకలి. కృప దేవుడు ఇస్తేనే వస్తుందని ముప్పై ఏళ్ళు వల్లించాను. ఇస్తున్నప్పుడు వద్దన్నది మాత్రం నేనే.

ఆదివారం పూజలో నా పేరు పైకి అనకు, నీకు మాట వస్తుంది. అప్పం పైకెత్తినప్పుడు నాకోసం ఇంకొక్క క్షణం అలాగే పట్టుకో. ఆ వేళకు నేనిక్కడ, గుడి తలుపు బయట, మోకాళ్ళ మీద ఉంటాను.

నీ చెల్లెలు